మక్క చేనుకు కట్టిన ట్రైల్ కెమెరా: నాలుగు నెలలు వాడాక

ముందే చెప్పేస్తాను, ముందు నుంచి జంతువు పోతే తనంతట తానే ఫోటో తీసే ఈ కెమెరాకు నేను ఐదుకు మూడున్నర ఇస్తాను. కొన్న మొదటి వారంలో రాసి ఉంటే ఒకటి కంటే ఎక్కువ ఇచ్చేవాణ్ని కాదు. ఆ తర్వాత కెమెరా ఏమీ బాగుపడలేదు, నేనే దాన్ని సరిగ్గా కట్టడం నేర్చుకున్నాను. ఆ నేర్చుకున్నది రాసిపెడితే, ఇలాంటిది కొనాలనుకునే ఇంకో రైతుకు నేను పడ్డ మొదటి వారం బాధ తప్పుతుంది కదా అని ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకా. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేది మా దగ్గరే. సిరొంచలో వంతెన దాటితే కాళేశ్వరం. కాగితాలన్నీ మరాఠీలో ఉంటాయి, ఇంట్లో, బజారులో మాట్లాడేది తెలుగు. అంకీసాలో నాకు చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉంది. సాత్‌బారా (భూమి రికార్డు కాగితం) తీసివ్వడం, పంట బీమా ఫారాలు నింపడం, జిరాక్సు, ఫోటోలు. నాలుగెకరాల చేను మా బాపు, అంటే మా నాన్న, చూసుకుంటాడు. ఆయనకు డెబ్బై ఏళ్లు. వానాకాలం వరి, అది కోశాక మక్క వేస్తాం. చేనుకు ఒక పక్క అడవి, ఒక పక్క వాగు. కంకి పాలు పట్టిన రోజు నుంచి బాపు పడక మంచె మీదికి మారుతుంది. రాత్రంతా డబ్బా కొడుతూ, కేకలేస్తూ ఉంటాడు. కాసేపు కునుకు పట్టిందంటే చాలు, పందుల మంద దిగిపోతుంది. అవి తినేది పావు వంతు, తొక్కి పడగొట్టేది ముప్పావు వంతు.

పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ పెట్టేవాళ్లు మా చుట్టుపక్కల ఉన్నారు. పక్క ఊళ్లో రాత్రిపూట మోటారు వేయడానికి పోయిన మనిషి ఆ తీగకే పోయాడు. ట్రాక్టరులో ఆయన్ని తీసుకురావడం నేను చూశాను. అప్పటి నుంచి మా ఇంట్లో తీగ మాట ఎత్తలేదు. కానీ డెబ్బై ఏళ్ల మనిషిని చలిలో రాత్రంతా కూర్చోబెట్టడం కూడా నాకు నచ్చలేదు. పందులు ఏ వైపు నుంచి వస్తున్నాయి, ఎన్ని గంటలకు వస్తున్నాయి అన్నది తెలిస్తే ఆ రెండు గంటలు మనిషి మేలుకుంటే సరిపోతుంది కదా. అందుకోసమే కెమెరా కొన్నాను.

ధర 9,200 రూపాయలు. మా పిన్‌కోడుకు డెలివరీ లేదంటే మంచిర్యాలలో ఉండే మా బామ్మర్ది చిరునామాకు తెప్పించుకున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికే కెమెరాలు చాలావరకు ఒకే పోలికలో ఉంటాయి, కాబట్టి నేను చెప్పేది వాటన్నిటికీ పనికొస్తుంది. సైజు రెండు అరచేతులంత. పైన ఆకుల రంగు డిజైను. చెట్టుకు కట్టే బెల్టు ఇస్తారు. మూత తీస్తే రెండంగుళాల స్క్రీను, ఎనిమిది పెన్ను సెల్లులకు చోటు. మెమరీ కార్డు వేరే కొనుక్కోవాలి. సిమ్ కార్డు వేసేది కాదిది. ఫోటోలు చూడాలంటే చేనుకు పోయి కార్డు తీసుకురావాల్సిందే. మా చేను దగ్గర సిగ్నలు అంతంత మాత్రమే కాబట్టి సిమ్‌ది తీసుకోలేదు.

కెమెరాతో ఇచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది, అదీ అమెరికా జింకల వేటగాళ్లకు రాసినట్టుంది. అక్కడ సీజను మొదలవడానికి ముందే, మంచి కొమ్ములున్న మగ జింక ఏ దారిన తిరుగుతుందో చూసి పెట్టుకోవడానికి వీటిని అడవిలో కడతారు. ఇది వేటలో అన్యాయమని అక్కడే కొందరి వాదన. అరిజోనా రాష్ట్రంలో వేట కోసం వీటిని వాడటం 2022 జనవరి నుంచి నిషేధించారు కూడా. మనకు 1972 నుంచి వన్యప్రాణి చట్టం ఉంది, వేటాడితే జైలే. అందుకని పుస్తకంలో వేట అని ఉన్న చోటల్లా కాపలా అని చదువుకున్నాను. దారి చూసుకోవడం, గాలి చూసుకోవడం, కెమెరా ఎత్తు చూసుకోవడం దేనికైనా ఒకటే.

డిసెంబరులో మొదటిసారి కట్టాను. గట్టు మీద చేతి మణికట్టంత లావున్న వేప మొక్క ఉంటే దానికి, నా ఛాతీ ఎత్తున, అడవి వైపు తిప్పి. మాకు అడవి తూర్పున ఉంటుంది. నాలుగు రాత్రుల తర్వాత కార్డు తెచ్చి, షాపు మూసే ముందు కంప్యూటరులో పెట్టాను. 2,316 ఫోటోలు. గుండె ఝల్లుమంది, ఇన్ని పందులా అని. ఒక్కొక్కటే చూస్తూ పోతే రాత్రి పదిన్నర దాటింది. జంతువు ఉన్నవి పంతొమ్మిది. అందులో పద్నాలుగు మా కుక్కవి, మా బర్రెలవి. ఐదింట్లో పంది ఉంది, అదీ వెనక భాగం మాత్రమే. మిగతావన్నీ ఆకులు, గడ్డి, ఎండ. సెల్లులు సగానికి పడిపోయాయి. బాపుకు చూపిస్తే, "గాలిని ఫోటోలు తీస్తున్నదారా ఇది?" అన్నాడు.

అమ్మినవాళ్లకు మెయిల్ పెట్టాను. సెట్టింగులు రీసెట్ చేయమని జవాబు వచ్చింది. చేశాను, ఏం మారలేదు. మళ్లీ రాస్తే అదే జవాబు, అక్షరం మార్చకుండా. ఒక మార్కు అక్కడే పోయింది.

ఇలాంటి సమయంలో ఒక విషయం చదివి ధైర్యం వచ్చింది. 2018లో మన దేశంలో పులులను లెక్కపెట్టినప్పుడు 26,838 చోట్ల ఇలాంటి కెమెరాలే పెట్టారు. మొత్తం 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫోటోలు వచ్చాయి. అందులో పులి ఉన్నవి 76,651, చిరుతపులి ఉన్నవి 51,777. మిగతావన్నీ ఖాళీ ఫోటోలని కాదు, వాటిలో దుప్పులు, పందులు, ఇంకా ఎన్నో జంతువులు ఉంటాయి. అయినా రెండూ కలిపి చూసుకున్నా దాదాపు 270కి ఒకటి. అంత పెద్ద పనిలోనే కావలసింది అంత అరుదుగా దొరుకుతుంటే, మణికట్టంత మొక్కకు కట్టిన నాకు ఆకులు రాక ఏమొస్తాయి?

అసలు ఈ కెమెరా దేన్ని చూసి క్లిక్కుమంటుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. లెన్సు కింద తెల్లటి ప్లాస్టిక్ బుడిపె ఉంటుంది. దాని వెనక ఉన్న సెన్సరు బొమ్మను చూడదు, వేడిని చూస్తుంది. బుడిపె మీద ఉన్న గీతలు ముందున్న చోటునంతా గళ్లు గళ్లుగా విడగొడతాయి. ఒక గడిలోంచి పక్క గడిలోకి వేడి కదిలితే కెమెరా మేలుకుంటుంది. చల్లని నేల ముందు వెచ్చని పంది నడిచినా సరే, ఎండకు కాలిన బండ ముందు చల్లని ఆకు ఊగినా సరే, దానికి తేడా తెలియదు. తేడాతో కూడిన కదలిక ఉండాలి, అంతే. కదలకుండా పడుకున్న బర్రెను అది పట్టించుకోదు. గాలి ఒక్కటే వీస్తే కూడా పట్టించుకోదు. ఎండకు వేడెక్కిన ఆకును గాలి ఊపినప్పుడే అసలు గొడవ.

ఇది తెలిశాక ఆ 2,316 ఫోటోల్ని మళ్లీ తెరిచాను. ఈసారి బొమ్మలు చూడలేదు, కింద పడిన టైములు చూశాను. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా వందలు వందలు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా మళ్లీ వందలు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా కొన్ని. అర్ధరాత్రి తర్వాత దాదాపు ఏమీ లేవు. మీకు కూడా ఇలా జరిగితే ముందు చేయాల్సింది ఇదే. తప్పుడు ఫోటోలు ఏ వేళకు వచ్చాయో చూస్తే, వాటికి కారణమేదో అవే చెబుతాయి.

పొద్దుటివి సూర్యుడి పుణ్యం. తూర్పుకు తిప్పి కట్టాను కదా, ఉదయించిన ఎండ నేరుగా లెన్సులోకి, సెన్సరులోకి కొట్టింది. ఫోటోలు కూడా తెల్లగా పాలిపోయాయి. పడమరకు తిప్పితే సాయంత్రం అదే బాధ. ఉత్తరానికి తిప్పి కట్టాలి. చలికాలమంతా సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి కెమెరాకు వెనక నుంచి వెలుగు పడుతుంది, ముందున్నది చక్కగా కనిపిస్తుంది. మన దగ్గర మే నడుమ నుంచి జులై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు కొద్దిగా ఉత్తరానికి జరుగుతాడు గానీ, అప్పుడు నడినెత్తి మీదే ఉంటాడు, కెమెరా కంట్లో పడడు. మీ చేనులో జంతువుల దారి తూర్పు పడమరలుగా ఉంటే ఇది సులువు, పక్కన నిలబెట్టి ఉత్తరానికి చూపిస్తే సరి. దారి ఉత్తర దక్షిణాలుగా ఉంటే కొంచెం ఆలోచించాలి, దాని గురించి కింద చెబుతాను.

మధ్యాహ్నం ఫోటోల్లో ప్రతిదాంట్లో పైమూలన ఒక టేకు ఆకు కనిపించింది. మా వైపు టేకుకు కొదవ లేదు కదా. ఆ ఆకు చేటంత ఉంటుంది, ఎండకు పళ్లెంలా వేడెక్కుతుంది, చిన్న గాలికే ఊగుతుంది. కెమెరాకు అది నడిచివచ్చే జంతువే. ఆ ఒక్క కొమ్మ నరికితే మధ్యాహ్నం ఫోటోలు సగానికి సగం తగ్గాయి. మిగతా సగం నా మక్క ఆకులవి. రెండు మీటర్ల దూరంలోనే మొదటి సాలు ఉంది. దగ్గరగా ఉన్న ఆకు చిన్నదైనా సెన్సరుకు పెద్దగా కనిపిస్తుంది. కెమెరాను సాలుకు ఎదురుగా పెట్టకుండా గట్టు వెంట చూసేలా మార్చాను. ముందర ఐదు మీటర్ల మేర, కొడవలితో విసనకర్ర ఆకారంలో గడ్డి కోశాను. మోకాలి కింద ఉన్నది కూడా వదలలేదు. కోసిన గడ్డి అక్కడే కుప్పగా వేయకండి, అదీ ఎగురుతుంది.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్యవి అర్థం కావడానికి టైము పట్టింది. పొద్దు మునిగాక ఎండ ఏముంటుంది? గట్టు మీద నల్లబండ ఉంది. పగలంతా ఎండను మింగి, రాత్రి చాలాసేపటి దాకా వేడి కక్కుతుంది. దాని ముందు ఊగే గడ్డిపోచ చల్లగా ఉంటుంది. తేడా కదిలింది, క్లిక్. చేయి పెట్టి చూస్తే ఏడు గంటలకు కూడా బండ వెచ్చగా ఉంది. కెమెరాను బండ కనపడని వైపు జరిపాను.

ఇక మొక్క సంగతి. మణికట్టంత మొక్క గాలికి ఊగితే దానితో పాటు కెమెరా ఊగుతుంది. కెమెరా ఊగితే ముందున్న లోకమంతా కదిలినట్టే సెన్సరుకు. ఇంత చిన్న సంగతి నాకు వారం రోజులు తట్టలేదు. ఇప్పుడు చేతులు చుట్టితే అందనంత లావున్న ఇప్పచెట్టుకు కడుతున్నాను. చెట్టు లేని చోట, ఇనుప కంచెకు వాడే రాతి స్తంభాన్ని రెండడుగుల లోతుకు పాతాను, అదీ బాగానే నిలబడింది. బెల్టు బిగించేటప్పుడు కెమెరా వెనక చెక్కముక్క చీలిక పెడితే వంపు సరిచేసుకోవచ్చు. బెల్టు బకిల్ మాత్రం నాసిరకం, మూడో వారానికే విరిగింది. సైకిల్ ట్యూబు కోసి కట్టాను, దానికంటే గట్టిగా ఉంది.

ఎత్తు గురించి. పంది భుజం మనిషి తొడ దాకా ఉంటుంది, అంతకంటే తక్కువే గానీ ఎక్కువ ఉండదు. నేను ఛాతీ ఎత్తున కట్టి కిందికి వంచాను, సెన్సరు చూపు నేలకు కొట్టుకొని ఆగిపోయింది. రెండడుగుల ఎత్తున, నేలకు సమాంతరంగా కట్టాక పంది నిండుగా వచ్చింది. పులుల లెక్కకు కూడా ఇంచుమించు మోకాలి ఎత్తునే కడతారు. కిందికి దించితే గడ్డి ఎక్కువ అడ్డం వస్తుంది కాబట్టి, గడ్డి కోయడం ఇంకా ముఖ్యం.

ఇప్పుడు అన్నిటికంటే నన్ను మోసం చేసినదాని గురించి. కొన్ని ఖాళీ ఫోటోలు నిజంగా ఖాళీ కావు. పంది వచ్చింది, సెన్సరు చూసింది, కెమెరా మేలుకొని క్లిక్కుమనేలోపు పంది దాటిపోయింది. డబ్బా మీద 0.2 సెకన్లు అని రాశారు. నేను నాలుగు మీటర్ల దూరంలో అడ్డంగా వేగంగా నడిచి చూశాను, పదిసార్లలో ఆరుసార్లు నా వీపే పడింది. రాత్రి ఇంకా ఆలస్యం. అంటే ఖాళీ ఫోటోలన్నీ తప్పుడువే అనుకుని సెన్సరు తగ్గించుకుంటూ పోతే అసలు పందులు కూడా పోతాయి. తేడా కనిపెట్టడానికి, ఒకసారికి మూడు ఫోటోలు తీసేలా పెట్టాను. మొదటిదాంట్లో గడ్డి పక్కకు వంగి ఉండి, మూడోదాంట్లో నిలబడిందంటే ఎవరో దాటారన్నట్టే. దానికి విరుగుడు, దారికి అడ్డంగా చూడకుండా ఏటవాలుగా, దాదాపు 45 డిగ్రీల వంపులో దారి వెంట చూసేలా కట్టడం. అప్పుడు జంతువు ఫ్రేములో ఎక్కువసేపు ఉంటుంది. మరీ ఎదురెదురుగా పెట్టకూడదు, నేరుగా వచ్చేదాన్ని సెన్సరు ఆలస్యంగా గుర్తిస్తుంది, గడులు అడ్డంగా దాటితేనే దానికి తేలిక. పైన చెప్పిన ఉత్తర దక్షిణ దారికి కూడా ఇదే మందు. ఈశాన్యానికో వాయవ్యానికో తిప్పితే దారీ దొరుకుతుంది, ఎండా తప్పుతుంది.

సెన్సరు సెట్టింగు మూడు రకాలు: హై, మీడియం, లో. చలికాలం రాత్రి జంతువు ఒంటి వేడికీ చుట్టూ చలికీ చాలా తేడా ఉంటుంది కాబట్టి లో పెట్టినా పంది తప్పించుకోదు. ఎండాకాలం వేరు. మార్చి చివర్లో ఒక మధ్యాహ్నం మా కోడెదూడను కెమెరా ముందు ఐదుసార్లు నడిపించాను, ఒక్కసారే ఫోటో వచ్చింది. బయటి వేడి ఒంటి వేడికి దగ్గరపడితే సెన్సరుకు తేడా కనపడదు, అది దాని స్వభావం. అప్పుడు హై పెట్టాలి. ఏ కాలానికైనా ఒకటే సెట్టింగు చాలని ఎవరైనా చెబితే నమ్మకండి. నేను డిసెంబరు, జనవరిలో లో, ఫిబ్రవరిలో మీడియం, మార్చిలో హై వాడాను. అన్నిటికంటే పెద్ద మేలు చేసింది మాత్రం టైమరు. పందులు పగలు రావు కదా! సాయంత్రం ఆరున్నర నుంచి పొద్దున ఆరున్నర దాకానే పనిచేసేలా పెట్టాక, పగటి ఎండ గొడవే లేకుండా పోయింది. మెనూలో ఇది నాలుగో పేజీలో దాగి ఉంది. మొదటి రోజే చూసుంటే ఎంత బాగుండేది.

జనవరి రెండో వారంలో ఇవన్నీ సరిచేసి కట్టాను. ఏడు రాత్రులకు 168 ఫోటోలు. 131 ఫోటోల్లో ఏదో ఒక జంతువు ఉంది. పందులు, కుందేళ్లు, ఒక ముళ్లపంది, రెండుసార్లు పునుగుపిల్లి. ఆ రాత్రి షాపులో ఒక్కణ్నే ఉన్నా గట్టిగా నవ్వేశాను.

ఆ ఫోటోల్లో తేలింది ఏమిటంటే, పందులు అడవి వైపు నుంచి రావడం లేదు. బాపు ఇన్నేళ్లుగా అడవికి ఎదురుగా మంచె వేసి డబ్బా కొడుతున్నాడు. అవి వాగులోకి దిగి, ఒడ్డు చాటున నడిచి, పడమటి మూల నుంచి ఎక్కుతున్నాయి. ఏడు రాత్రుల్లో ఐదు రాత్రులు ఒంటిగంటన్నర, మూడు గంటల మధ్యే. పెద్దవి నాలుగు, పిల్లలు ఆరు. బాపు స్క్రీను దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు. "నా వెనక నుంచి వస్తున్నయా!" అన్నాడు. మర్నాడే పడమటి మూలకు రేగు కంప కొట్టి అడ్డం వేశాం, మంచె అటు మార్చాం. రాత్రి ఒంటిగంటకు అలారం పెట్టుకుని నేనూ ఆయనా వంతులు వేసుకున్నాం. నష్టం పూర్తిగా ఆగిందని చెప్పను. కంపను తోసుకుని రెండుసార్లు వచ్చాయి. కానీ ఈసారి బాపు రాత్రికి ఐదు గంటలైనా ఇంట్లో మంచం మీద పడుకున్నాడు.

ఆ రెండుసార్ల నష్టానికి వన్యప్రాణి పంట నష్టం దరఖాస్తు పెట్టాం. ఇలాంటి దరఖాస్తులు నా సెంటర్లో ఎన్నో నింపాను. పంచనామాకు ఫారెస్టు వాళ్లు, తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి), కృషి సహాయక్ (వ్యవసాయ శాఖ ఉద్యోగి) వస్తారు. ఈలోపు వాన పడితే అడుగులు చెరిగిపోతాయి, పందే తొక్కిందా పశువులు తొక్కాయా అన్న ప్రశ్న వస్తుంది. తేదీ, టైము ఉన్న ఫోటో ప్రింటు తీసి పెడితే మాటలు తగ్గుతాయి. అందుకే కెమెరాలో తేదీ సరిగ్గా పెట్టుకోండి. సెల్లులు తీసిన ప్రతిసారీ నా కెమెరాలో గడియారం మళ్లీ మొదటికి వస్తుంది, ఇది దాని పెద్ద లోపం. ఇంకో మాట, కెమెరా మన సొంత చేనులోనే కట్టాలి. అడవిలో కట్టాలంటే ఫారెస్టు అనుమతి ఉండాలి. నేను కట్టే ముందే గార్డు సాహెబ్‌కు చెప్పాను, ఆయన వచ్చి చూసి వెళ్లాడు.

మార్చిలో జరిగినది కొంచెం ఆగి చెప్పాలి. ఇప్పచెట్టుకు కట్టానని చెప్పాను కదా, మార్చి వచ్చేసరికి దాని పువ్వులు రాలడం మొదలైంది. మా దగ్గర ఇప్పపూలు ఏరడానికి ఆడవాళ్లు తెల్లవారకముందే బుట్టలతో వస్తారు. కార్డు తీసి చూస్తే తెల్లవారుజామున నాలుగున్నరకు మా వాడకట్టు అక్కలు, వదినలు, వంగి పూలు ఏరుతూ. వాళ్లకు తెలియకుండా నా కంప్యూటరులో వాళ్ల ఫోటోలు. మనసు ఒప్పలేదు. అవన్నీ తుడిచేసి, కెమెరాను వెంటనే అక్కడి నుంచి తీసేద్దామని లేచాను. అప్పుడే దానికి ముందు ఫోటో చూశాను. అదే చెట్టు కింద, అదే రోజు, 4:08కి ఎలుగుబంటి. పూలు తింటోంది. వాళ్లు వచ్చింది 4:31కి. ఇరవై మూడు నిమిషాలు.

ఆ ఎలుగుబంటి ఫోటో ఒక్కటి ప్రింటు తీసుకుని ఆ పొద్దున్నే ఇంటింటికీ పోయాను. కెమెరా సంగతి, వాళ్ల ఫోటోలు పడిన సంగతి, తుడిచేసిన సంగతి దాచకుండా చెప్పాను. మా పెద్దవదిన ముందు కోప్పడింది, "చెట్టుకు కన్ను పెట్టినవని ముందే చెప్పొద్దా మరిదీ?" అని. నిజమే, చెప్పాల్సింది. ఎలుగు ఫోటో చూశాక ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత వెలుతురు వచ్చాకే, నలుగురైదుగురు కలిసి, మాట్లాడుకుంటూ పోతున్నారు. కెమెరాను ఇప్పచెట్టు నుంచి తీసి వాగు మూలన పాతిన రాయికి మార్చాను, అక్కడికి మనుషులు రారు. మీరు కూడా కట్టే ముందు ఆ దారిన నడిచేవాళ్లకు చెప్పండి. మన భూమే అయినా సరే.

మిగతావి త్వరగా చెబుతాను. ఫోటో నాణ్యత డబ్బా మీద 36 మెగాపిక్సెల్ అని ఉంది, అది లెక్క పెంచి చూపించేదే. 8లో తీసినా 36లో తీసినా నా కంటికి ఒకటే, కార్డు మాత్రం నాలుగింతలు త్వరగా నిండుతుంది. 8లో పెట్టుకోండి. రాత్రి చూపు 20 మీటర్లు అంటారు, పందో నక్కో గుర్తుపట్టేది పది మీటర్ల లోపే. రాత్రి ఫోటోకు ఇది వేసే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు 940 నానోమీటర్లది, మనిషి కంటికి కనపడదు. 850వి అయితే సన్నగా ఎర్రగా వెలుగుతాయి, కానీ కొంచెం దూరం అందుతాయి. దొంగల భయం ఉన్నచోట 940 మేలు. సెల్లులు ఆల్కలైన్‌వే వేయాలి. ఛార్జింగు సెల్లులు 1.2 వోల్టులే ఇస్తాయి, నా కెమెరాలో వాటితో పగటి ఫోటోలు బాగానే వచ్చాయి, రాత్రి లైటు వెలగాల్సి వచ్చేసరికి ఆగిపోయింది. మొదట్లో నాలుగు రాత్రులకే సగం ఖాళీ అయిన సెల్లులు, తప్పుడు ఫోటోలు తగ్గాక ఏడు వారాలు వచ్చాయి. కార్డును కంప్యూటరులో తుడవకుండా కెమెరాలోనే ఫార్మాట్ చేయడం మంచిది. లెన్సు ముందు సాలీడు గూడు కడుతుంది, రాత్రి లైటుకు ఆ పోగులు తెల్లటి తాళ్లలా మెరుస్తాయి, వారానికోసారి పొడి బట్టతో తుడవాలి. చీమలు మూత రబ్బరు సందులోంచి దూరి ఒకసారి గుడ్లు పెట్టాయి. కొండముచ్చులు ఒకసారి బెల్టు లాగి కెమెరాను ఆకాశానికి తిప్పి పోయాయి, మూడు రోజులు మబ్బుల ఫోటోలు వచ్చాయి.

కట్టాక టెస్టు చేయకుండా రావద్దు. మెనూలో టెస్టు పెడితే, సెన్సరు మనల్ని చూసినప్పుడల్లా ముందర ఎర్రలైటు మినుకుమంటుంది. పంది ఎత్తు రావాలి కాబట్టి నేను చేతులు, మోకాళ్ల మీద పాకి చూస్తాను. లైటు ఎక్కడ వెలుగుతుందో అక్కడ పుల్ల గుచ్చుతాను. ఆ తర్వాత పక్కకు తప్పుకుని ఐదు నిమిషాలు నిలబడతాను, గాలి వీచినప్పుడు లైటు వెలిగితే ఏ ఆకో ఇంకా మిగిలినట్టు. దాన్ని కోసి, మళ్లీ నిలబడతాను.

మక్క కోత మార్చి చివర్లో అయిపోయింది. కెమెరా సెల్లులు తీసేసి, బెల్టు ఉతికి, స్టీలు డబ్బాలో బియ్యం గుడ్డమూటతో పాటు పెట్టాను, తేమ పట్టకుండా. వరి పొట్టకొచ్చే వేళకు మళ్లీ తీస్తాను. ఈసారి రెండోది కూడా కొనమని బాపే అంటున్నాడు, ఒకటి వాగు మూలకు, ఒకటి అడవి వైపుకు. కంప వేశాక పందులు దారి మార్చి ఉంటాయని ఆయన అనుమానం.